జీడితోటలో తూటాలు

తమ్ముడూ,

విజయనగరంలో నా కానిస్టేబుల్ ట్రైనింగ్ సాగుతోంది. ఈ వారం మాకు తూటాల పాఠం. ఏ తుపాకీకి ఏది సరిపోతుందో అడుగున కొట్టిన ముద్ర చూసి చెప్పాలి. కొలత కలవకపోతే పక్కన పెట్టేయాలి. నిన్న సార్ రెండు తూటాలు నా అరచేతిలో పెట్టారు. ఒకదానికి కొసన గుండు ఉంది. రెండోదానికి లేదు, ఇత్తడి మూతి నొక్కేసి ఉంది.

"ఇది బ్లాంక్ తూటా అమ్మా. మందుంటాది, గుండుండదు. జవాన్ల అంత్యక్రియలకి ఇదే వాడతారు" అన్నారు. తలూపాను.

నీ చితి దగ్గర మీ పటాలం వాళ్లు గాలిలోకి పేల్చారు కదా. ఆ గుళ్లన్నీ మన జీడితోటలో పడ్డాయని అమ్మ నమ్మకం. అప్పట్నుంచీ జీడిపిక్కలేరడానికి ఎవర్నీ అటు పోనివ్వదు. "పైకెల్లింది కిందకి రాదేటి? కాల్లకి గుచ్చుకుంటాది" అంటుంది. తనొక్కతే పొద్దున్నే వెళ్లి, చెట్ల కింద ఆకులన్నీ తిరగేసి, ఉత్త గంపతో తిరిగొస్తుంది.

ఈ రోజు ఆదివారం కదా, ఇంటికొచ్చి చెప్పాను. "తోటలో ఏవీ లేవమ్మా. అవి ఉత్త సప్పుడుకే. వాటిలో గుళ్లుండవు."

అమ్మ వంకాయలు తరగడం ఆపలేదు. ముక్కలు నీళ్లలో వేస్తూ అడిగింది.

"అయితే ఇంక ఎతకొద్దేటే?"