అంచున ఉన్న గొంతు

మార్చి 3, సోమవారం

ఉదయం 9.40కి అన్నయ్య స్వరపేటిక తీసేశారు. కణితి పూర్తిగా వచ్చేసిందని సర్జన్ చెప్పాడు. ఇక ఊపిరి మెడ కింద పెట్టిన రంధ్రం నుంచే. నోటి నుంచి మాట రాదు.

లోపలికి తీసుకెళ్లే ముందు నర్సుతో అన్నాడు, కళ్లజోడు జాగ్రత్తమ్మా, కొత్తది అని. ఎనిమిది నెలలుగా బొంగురుపోయిన గొంతు. అదే ఆఖరి మాట. టైము రాసుకోలేదు.

మార్చి 5, బుధవారం

ఇంట్లో దుమ్ము, బూజు ఉండకూడదట. ఆ రంధ్రం సూటిగా ఊపిరితిత్తుల్లోకే. డిశ్చార్జికి ముందు వెనక గది ఖాళీ చెయ్యాలి.

వెనక గదంటే 143 వీహెచ్ఎస్ క్యాసెట్లు. అన్నీ పాత రష్యన్ యుద్ధ సినిమాలు. ఉక్కు ఫ్యాక్టరీలో రష్యన్ ఇంజనీర్లకి దుబాసీగా పనిచేసినన్నాళ్లూ పోగేశాడు. కొన్ని వాళ్లు వెళ్లిపోతూ ఇచ్చినవి. కొన్ని పాత సామాను దుకాణాల్లో ఏరినవి. అక్షరక్రమంలో కాదు, యుద్ధం నడిచిన క్రమంలో పేర్చాడు. పై అరలో ఓటములు, కింది అరలో గెలుపు.

సినిమాలన్నీ ఇప్పుడు నెట్‌లో ఉన్నాయి, తీసేయనా అని అడిగాను. మందు మత్తులో ఉన్నాడు. తలూపాడు.

వదిన మాత్రం పట్టుబట్టింది. వాటిల్లో మీ అన్నయ్య గొంతుంది, చూసి మరీ పారేయవయ్యా అంది. అత్తయ్య కోసం తెలుగులో చెబుతూ రికార్డు చేసేవారట. అమ్మకి రష్యన్ రాదు, కానీ యుద్ధానికి వెళ్లినవాడు తిరిగొచ్చాడో లేదో తేలేదాకా టీవీ ముందు నుంచి లేచేది కాదు. ఇదంతా నేను వేరే ఊళ్లో ఉద్యోగం చేసినప్పటి సంగతి. వంటింట్లోంచి విన్నాను, నా చెవులతో విన్నాను అంది వదిన.

చూస్తానన్నాను.

మార్చి 6, గురువారం

ఇంట్లో వీసీఆర్ పనిచెయ్యదు. ఆరు క్యాసెట్లు ఆఫీసుకి పట్టుకెళ్లాను. మా వీడియో సెక్షన్లో మంచి స్టీరియో డెక్ ఉంది. ఒక్కోటి పది నిమిషాలు చూశాను. రష్యన్ తప్ప ఏమీ లేదు. ఆరింటికి ఆరూ అంతే.

రెండిటికి వెనక అంచున చిన్న గుంట మీద సెల్లోటేపు అంటించి ఉంది. ఎందుకో అనుకున్నాను. అడగలేదు.

వదినకి చెప్పాను, లేదని. ఉందయ్యా అంది. జ్ఞాపకానికీ సాక్ష్యానికీ తేడా ఉంటుంది వదినా అన్నాను. ముప్పై ఏళ్లుగా రిపోర్టరుగా ఉన్నవాడి మాట.

మార్చి 7, శుక్రవారం

మధ్యాహ్నం 2.15కి రీసైక్లింగ్ లారీ వెళ్లింది. 134 క్యాసెట్లు. బూజు పట్టిన తొమ్మిదీ మాకొద్దని లారీవాడు గేటు దగ్గరే వదిలేశాడు.

మార్చి 10, సోమవారం

స్పీచ్ థెరపిస్టు వచ్చింది. వదిన ఆవిడకి మాటల డాక్టరమ్మ అని పేరు పెట్టింది. పాత గొంతు రికార్డింగు ముప్పై నిమిషాలుంటే చాలట. ఫోన్లో టైపు చేసిన మాట ఆ గొంతుతోనే పలికే ఏర్పాటు చేస్తారట. జబ్బు గొంతు పనికిరాదు. పెళ్లి వీడియోలేమైనా ఉన్నాయా అంది. ఉన్నాయి. అన్నిట్లోనూ కెమెరా పట్టుకున్నది అన్నయ్యే.

అన్నయ్య స్లేటు అందుకున్నాడు. అమ్మ క్యాసెట్లు, అని రాశాడు.

వాటిల్లో లేదన్నాను. చూశానన్నాను.

నా వంక చూసి రాశాడు: ఏ ట్రాక్ విన్నావురా?

వీహెచ్ఎస్ టేపులో శబ్దానికి రెండు దారులని రాసి చూపించాడు. బొమ్మతో కలిసిపోయిన స్టీరియో ట్రాక్ ఒకటి. టేపు అంచున నడిచే నాసిరకం ట్రాక్ ఇంకోటి. మంచి డెక్ మంచి ట్రాక్‌నే వినిపిస్తుంది. అన్నయ్య తన గొంతుని అంచు మీద వేశాడు. కొన్న సినిమా మీద రికార్డు చెయ్యాలంటే వెనక గుంట మూయాలి. సెల్లోటేపు అందుకు. అసలు శబ్దం మీద ఎందుకు వెయ్యలేదని డాక్టరమ్మ అడిగింది. సినిమా పాడవకూడదు కదండీ, అని రాశాడు.

మామూలు వీసీఆర్‌లో వేసినా వినపడేది. నేను మంచిది వెతుక్కుని వెళ్లాను.

లారీ సంగతి చెప్పడానికి గంట పట్టింది. చెప్పాను. ఎన్ని, అని రాశాడు. 134. ఉన్నవి ఏవి? తెలియదు. పేర్లు రాసుకోలేదు. అన్నయ్య స్లేటు తుడిచి, తిరగేసి దిండు పక్కన పెట్టాడు.



మార్చి 11, మంగళవారం

రీసైక్లింగ్ యార్డుకి వెళ్లాను. గుమాస్తా రిజిస్టరు తిప్పి చూపించాడు. శనివారం ఉదయం 8 గంటలకి మిషన్లో వేశారు. ఏమైనా విలువైనవా సార్ అని అడిగాడు. సినిమాలు అన్నాను.

మార్చి 14, శుక్రవారం

తొమ్మిదిలో సెల్లోటేపు ఉన్నవి రెండు.

పాత వీసీఆర్‌లు బాగుచేసే మెకానిక్ నాలుగు రోజులు వాటిని ఆరబెట్టి తుడిచాడు. ఒక్కసారే ఆడతాయి, పూత లేచిపోతుంది, వినేదేదో ఆ ఒక్కసారే వినండి అన్నాడు. ఆ ఆట నుంచే రికార్డు చేసుకోవాలి. వదిన, నేను వెళ్లాం. ఇంటికొచ్చేసిన అన్నయ్య రానని తల అడ్డంగా ఊపాడు.

మొదటిది 6 నిమిషాల 40 సెకన్లు ఆడి ఆగిపోయింది.

గొంతు ఉంది. ముప్పై ఐదేళ్ల అన్నయ్య. సార్జంటు తనే, కుర్ర సిపాయి తనే, స్టేషన్లో ఏడ్చే భార్యా తనే. ఆడగొంతు పెట్టబోయి దగ్గొచ్చి నవ్వాడు, అదీ ఉంది. ఒకచోట సినిమాలో ఎవరూ మాట్లాడరు, ఫిరంగులు మాత్రం. అక్కడ అన్నయ్య, అమ్మా, ఇది చూడకు, కళ్లు మూసుకో, అయ్యాక చెబుతా అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. టేపు అక్కడే చుట్టుకుపోయింది.

చూశావా, అత్తయ్య వెంటనే కళ్లు తెరిచేసేదయ్యా, ఈయన చెప్పేదాకా ఎక్కడ ఆగేది అంది వదిన. నవ్వుతూనే అంది. తర్వాత లేచి మెకానిక్ షాపు మెట్ల మీద కూర్చుంది. నేను వెనకే వెళ్లలేదు.

మార్చి 15, శనివారం

రెండోదాని అంచంతా బూజు తినేసింది. బొమ్మ బాగానే వచ్చింది. గొంతు లేదు.

మార్చి 16, ఆదివారం

ఆరు నిమిషాల నలభై సెకన్లు సరిపోవని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. ఇంకో దారి ఉందట. తోడబుట్టినవాళ్ల గొంతు తీసుకుని, దొరికిన ముక్కతో దాన్ని పాత గొంతు వైపు మళ్లిస్తారు. పూర్తిగా ఆయనలా ఉండదు, దగ్గరగా ఉంటుంది అంది.

అన్నయ్యకి చెప్పాను. నేను చెయ్యగలిగిన తప్పంతా చేసి ఈ మాట చెబుతున్నానని కూడా చెప్పాను.

స్లేటు తీశాడు. ఆరు రోజుల తర్వాత. నీ గొంతా? వార్తలు చదువుతున్నట్టుంటుంది. కానియ్, అని రాశాడు. కింద ఇంకో వరస: వదినని అడుగు.

వదినని అడిగాను. ఇంట్లో ఆయన మాట వినపడాలి, ఎవరి గొంతైతేనేం అంది. ఆ వెంటనే, లేదు, నీదైతేనే అంది.

మార్చి 17, సోమవారం

రికార్డింగు రేపు ఉదయం 10.30కి. డాక్టరమ్మ గదిలో, అరగంట. తనకి రోజూ కావాల్సిన మాటలు అన్నయ్యే రాసిచ్చాడు, 212. టీలో పంచదార తగ్గిందనేది ఉంది. ఫ్యాను తగ్గించు ఉంది. మొదటి పేజీలో, గదిలో ఎవరూ లేనప్పుడు వదినని పిలిచే పేరుంది.

నేను అనకూడని మాట. నేనే అనాలి. ఆ పేజీ చదువుతున్నప్పుడు వదిన బయట కూర్చుంటుంది.