పెట్రోల్ ట్యాంకు మూత

ఆదివారం రాత్రి

మూడో ఆదివారం కూడా ఆ పాత కారు కిందే గడిచిపోయింది. పది నిమిషాలు నడిచి, నాంపల్లి స్టేషన్ దాటేలోగా ఆగిపోతుంది. కార్బురేటర్ మళ్లీ విప్పాను, పంపు మార్చాను. లాభం లేదు.

పొద్దున నా భార్య సుజాత, "ట్యాంకు మూత తీసినప్పుడల్లా బుస్సుమంటది. జర గదేందో చూడుండ్రి" అంది.

"నీకేం ఎరుక, ఊకో" అని విసుక్కున్నాను. లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఇంకేం తోచక మూత చూశాను. ట్యాంకులోకి గాలి పోయే చిన్న రంధ్రం మట్టితో పూడుకుపోయింది. మూత తీస్తే బుస్సుమనేదీ, ఇంజన్‌కు పెట్రోల్ అందనిదీ అందుకే. పిన్నీసుతో పొడిచి, ఆబిడ్స్ దాకా వెళ్లొచ్చాను. ఎక్కడా ఆగలేదు.

అన్నం పెడుతూ, "ఏమైండె కారుకు?" అని అడిగింది.

"ఏదో చిన్న పని" అన్నాను.

నువ్వు చెప్పిందే నిజమనడానికి నోరు రాలేదు. కారు బాగైనా ఈ చిరాకు మాత్రం తగ్గడం లేదు.