ఏవండీ, మన బందరు గెలిచింది

ఏవండీ,

మీరు వెళ్లిపోయాక ఇదే మొదటి సీజను. మన బందరు ఫుట్‌బాల్ జట్టు ఎలా ఆడిందో చెప్పేవాళ్లు ఇంట్లో లేక, ఈసారి నేనే గ్రౌండుకి వెళ్తున్నాను. ఇన్నేళ్లూ మీరు అన్నంలో చారు కలుపుకుంటూ ఆటంతా చెబుతుంటే ఊఁ కొట్టడమే తప్ప, ఒక్కరోజూ రాలేదు కదా నేను!

మొదటి ఆటలో గుడివాడ చేతిలో ఓడిపోయాం. రెండోది చల్లపల్లితో డ్రా. మీరుంటే ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. నిజం చెప్పాలంటే మనవాళ్లు బాగా పరుగెత్తుతారు గానీ, బంతి పక్కవాడికి ఇవ్వరు. గోల్‌కీపరు మాత్రం బంగారం. "వీడి చేతుల్లో బంతి నిలవదు" అని మీరు విసుక్కునేవారే, ఆ సుధాకరే. ఇప్పుడు నిలుస్తోంది.

నిన్న అవనిగడ్డతో ఆట. చివరిదాకా చెరో గోలు. మనవాడొకడు బంతితో ఒక్కడే దూసుకెళ్తుంటే నేను లేచి నిలబడి, "పక్కకివ్వరా నాయనా, పక్కకివ్వు!" అని అరిచాను. ఇచ్చాడండీ! పక్కవాడు కొట్టాడు, గోలు!

మీ స్నేహితుడు ప్రసాదు అన్నయ్యగారు నా వైపు తిరిగి, "అచ్చం వాడిలాగే అరిచావు చెల్లెమ్మా" అన్నారు. తర్వాత ఆయన వెళ్లి వేడివేడి మిరపకాయ బజ్జీలు తెచ్చారు.

ఇవాళ ఆదివారం. చర్చిలో పాటకి నోరు తెరిస్తే గొంతు రాలేదు. పాస్టరమ్మగారు దగ్గరికొచ్చి, "జలుబు చేసిందా అమ్మా?" అని అడిగారు.

"లేదండీ, గెలిచాం" అన్నాను.