పప్పుచారులో బెల్లం

గురువారం రాత్రి, బర్మింగ్‌హామ్

ఈరోజు ఆఫీసులో లంచ్‌కి అందరూ తలా ఒకటి వండి తెచ్చారు. గ్రెగ్ కీమా, రాజ్మాతో చిల్లీ అనే కూర చేసుకొచ్చాడు. రాజ్మా వేస్తే అది అసలు చిల్లీయే కాదని టీనా అరగంట వాదించింది. మీ ఇంట్లో ఇలాంటి గొడవలుండవా అని నన్నడిగారు. ఒకటుండేదని, నేనే గెలిచానని చెప్పాను. పప్పుచారులో బెల్లం వేస్తే అది చారు కాదు, పాయసమని పెళ్లైన కొత్తలోనే సుజాతకు తేల్చి చెప్పాను. రాజమండ్రి మనిషైనా మా వరంగల్ పద్ధతికి ఒప్పుకుంది. అందరూ నవ్వారు. నాకూ గర్వంగానే అనిపించింది.

ఇంటికొచ్చి పప్పుచారే పెట్టుకున్నాను. ఆమె చనిపోయాక ఈ తొమ్మిది నెలల్లో ఒక్కసారీ ఆమె చేసినట్టు రాలేదు. చింతపండు మార్చాను, కందిపప్పు మార్చాను. చివరికి ఎడిన్‌బర్గ్‌లో ఉన్న అమ్మాయికి ఫోన్ చేశాను.

"బిడ్డా, అమ్మ చారుల ఏమేసేదే?"



"డాడ్, షి ఆల్వేస్ పుట్ బెల్లం ఇన్. నీకు చెప్పొద్దంది."

ఇరవై రెండేళ్లు. ప్రతిసారీ గిన్నె ఊడ్చి తిని, "చూసినవా, బెల్లం లేకుంటేనే రుచి" అనేవాణ్ణి. ఆమె ఇంకో గరిటె వడ్డించేది.

బెల్లం డబ్బా అమ్మాయి చెప్పినట్టే ఓట్స్ ప్యాకెట్ వెనకాల ఉంది. చిన్న ముక్క వేసి మరిగించాను. అదే రుచి వచ్చింది.

ఓడిపోయానని ఒప్పుకుందామంటే ఇంట్లో మనిషి లేదు.