గద్దకు పడని ఊళ్లు

మోరిస్‌విల్

పూజ్యులైన ఆదినారాయణ బావగారికి,

నమస్కారాలు. స్వామి దయవల్ల మేం క్షేమం. ఉద్యోగం ఒక్కటే లేదు.

మీ తమ్ముణ్ణి ఆఫీసువాళ్లు తీసేశాక నోవై, నాష్‌విల్, నేపర్‌విల్ నుంచి పిలుపులొచ్చాయి. మీరు ఫోన్‌లోనే పేర్ల మొదటి అక్షరాలను బట్టి వర్గులు చూశారు. మీ తమ్ముడి పేరు అచ్యుతరావు, ‘అ’తో మొదలవుతుంది కనుక ఆయనది గద్ద అనీ, ‘న’తో మొదలయ్యే ఊళ్లన్నీ పాములనీ, ఒకదానికొకటి పడదనీ చెప్పారు. ఆయన మొదటి రెండు ఉద్యోగాలూ వదిలేశారు, నేపర్‌విల్ వాళ్లకు ఇంకా జవాబివ్వలేదు.

“గద్దే కదండీ పామును తినేది?” అని నెమ్మదిగా అడిగాను.

“శాస్త్రం గురించి నీకేం తెలుసు? అన్నయ్య వద్దన్నాడంటే వద్దంతే!” అని కసిరారు.

ఈ వారంలో ఏదో ఒక ఉద్యోగం ఒప్పుకోకపోతే వీసా పోతుందనీ, ఇండియాకు వెళ్లిపోవాల్సిందేననీ నిన్న లాయరు చెప్పాడు. దేవుడికి దీపం పెట్టి వచ్చి, ఆయనకు ఒక్కమాట గుర్తుచేశాను. మీ పేరుదీ గద్ద వర్గే. అయినా మీరు నేపర్‌విల్‌లోనే ఇల్లు కట్టుకుని ఏళ్ల తరబడి చల్లగా ఉన్నారు.

ఆయన వెంటనే లాప్‌టాప్ తెరిచారు.

“నిజమేనే! ఆ పాము అన్నయ్యకి లొంగిపోయుంటుంది. అన్నయ్య ఇంట్లోనే ఉంటే మన జోలికీ రాదు” అని, నేపర్‌విల్ ఆఫర్ యాక్సెప్ట్ చేసి టికెట్లు బుక్ చేశారు.

శనివారం వస్తున్నాం. అక్కయ్యను శ్రమపడవద్దనండి, వంట నేను చూసుకుంటాను. మేం వేరే ఇంటికి ఎప్పుడు మారాలో మీరే శాస్త్రం చూసి చెప్పాలట. మీ నోటితో మీరు చెప్పేదాకా ఆయన కదలరట.

మీ మరదలు