రెండు మడవల కొసరు

9 జనవరి 1964, నాయుడుపేట

చర్చి కమిటీ వాళ్లు నాన్న పేరున పాలరాయి పెడతారట. లెఫ్టినెంట్ హెబ్రోను, యుద్ధంలో మెడల్ పొందినవాడు, ఈ ఊరి క్రైస్తవుల్లో మొదటి నేవీ ఆఫీసరు. పోయిన అయిదేళ్లకు గుర్తొచ్చాడు వీళ్లకు. దాని మీద చెక్కించడానికి కుటుంబ చరిత్ర నన్నే రాయమన్నారు పాస్టర్ సమాధానం గారు. టీచరమ్మవి, చేతిరాత బాగుంటుంది అన్నారు. చేతిరాతట!

గురువారం కదా, చేపల కామమ్మ దొరవారిసత్రం నుంచి పాసింజర్‌లో వచ్చి పెరటి గుమ్మంలో గంప దించింది. డజను మడవ చేపలు కొంటే ఎప్పటిలాగే అడక్కుండానే రెండు కొసరు వేసింది. వీధిలో ఇంకెవరికీ ఒక్క చేపతోక కూడా వేయదు. ఎక్కడో మోసం చేస్తోంది, అందుకే ఇంత ధారాళం అంటుంది అమ్మ.

12 జనవరి

మెడల్‌తో పాటు వచ్చిన కాగితం చదివాను. బర్మా తీరంలో ఓడ మునిగితే నాన్న ఏడుగురిని ఈదుకుంటూ ఒడ్డుకు చేర్చాడు. ఈత ఎక్కడ నేర్చుకున్నాడని అడిగితే, మిషన్ బోర్డింగులో అంది అమ్మ. ఆ బోర్డింగులో నేనూ చదివాను. అక్కడున్నది ఒక్క చేదబావి.

15 జనవరి, సాయంత్రం 5

ట్రంకుపెట్టె అడుగున నాన్న నేవీలో చేరినప్పటి సర్వీస్ పేపరు దొరికింది. హెబ్రోను, పూర్వనామం చిన్నపోలయ్య. దగ్గరి బంధువు: తల్లి, కామమ్మ. ఊరు పులికాట్ ఒడ్డున పల్లె.

ఇంట్లో ఉన్న బైబిల్ మొదటి పేజీలో మాత్రం "తల్లి మార్తమ్మ, ప్రభువునందు నిద్రించెను" అని ఉంది. అదీ నాన్న రాతే. పెళ్లయిన ఏడాది రాసింది.

16 జనవరి

అడిగేశాను. కామమ్మ గంప దించకుండా అట్లాగే నిలబడిపోయింది. ఎవురు చెప్పినారు పాపా అంది. తర్వాత తనే అంతా చెప్పింది. ఆఫీసరయ్యాక నాన్న వచ్చి కాళ్లు పట్టుకున్నాడట. పెద్దింటి పిల్లను చేసుకుంటా ఉండాను, చేపలమ్మేదాని కొడుకునని తెలిస్తే ఇయ్యరు, గంపెత్తుకోని వచ్చి చూసిపోతా ఉండు, నోరు మాత్రం తెరవబాక అన్నాడట. ఇరవయ్యేళ్ల పైనే అయింది, తెరవలేదు మహాతల్లి.

వాడి నడుం పట్టుకోని నీళ్లలోకి తోసి ఈత నేర్పింది నేనే, ఏడ్చేవాడు అని నవ్వింది. మరి ఈ కొసరెందుకన్నాను. నా మనవరాలికి లెక్కబెట్టి ఇచ్చేదా అంది.

అడిగింది ఒక్కటే. వాడి రాతిమీద నా పేరు కూడా ఎయ్యిస్తావా పాపా.

వేయిస్తానని మాటిచ్చాను.

19 జనవరి

ఉన్నదున్నట్టు రాశాను. అమ్మ చదివి చింపేసింది. అమ్మకు మొదటినుంచీ తెలుసు! తెలిసే ఇన్నేళ్లూ అత్తగారితో మడవలకు బేరమాడింది. ఆ పేరు రాయి మీద పడితే ఈ ఊళ్లో తలెత్తుకోలేనంటుంది. నా తండ్రి మీదా ఒళ్లు మండిపోతోంది. ఏడుగురిని ఒడ్డుకు చేర్చినవాడు తల్లిని ముంచాడు.

21 జనవరి

అమ్మ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు.

22 జనవరి

రాసిచ్చాను. "భక్తురాలు, కీర్తిశేషురాలు మార్తమ్మ కుమారుడు." నా చక్కటి చేతిరాతతో. సిగ్గులేని దాన్ని.

16 ఫిబ్రవరి, ఆదివారం

ఆవిష్కరణ అయింది. కామమ్మ ఉతికిన చీర కట్టుకుని, గంప లేకుండా వచ్చింది. నీచువాసన రాకూడదని స్టేషన్ పంపు దగ్గర సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుందట. ప్రసంగాలన్నీ వెనక నిలబడే విన్నది.

అందరూ కాఫీలకు వెళ్లాక, నా పేరు యాడుండాది పాపా అంది. ఆమెకు చదువు రాదు. మార్తమ్మ అన్న అక్షరాల మీద వేలు పెట్టి, ఇదే అన్నాను. ఆ అక్షరాలను కొంగుతో తుడిచింది. నా నోరు పడిపోయినా బాగుండేది.

20 ఫిబ్రవరి

గురువారం. కామమ్మ రాలేదు.

23 ఫిబ్రవరి

చర్చి ఊడ్చే క్రీస్తుదాసు చెప్పాడు. మొన్న గురువారం చేపలామె తన ఊరి ఆడవాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకొచ్చి, ఇదిగో నా పేరు అని రాయి చూపించిందట. కాదమ్మే, మార్తమ్మ అని ఉండాది, ఆమె చచ్చిపోయిందని కూడా ఉండాది అని చదివి చెప్పినా అన్నాడు. చెప్పి నవ్వాడు. అతనికేం తెలుసు పాపం.

27 ఫిబ్రవరి

కామమ్మ వచ్చింది. పెరట్లోకి రాలేదు, వీధి గుమ్మంలోనే గంప దించింది. డజనంటే పన్నెండు మడవలు.

లెక్క చూసుకోండి అమ్మగారూ అంది.