తెర మధ్యలో మచ్చ

చిరంజీవి పిచ్చుకకు,

అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం, మాతోపాటు గోడకు వేలాడే ఆ ఏనుగంత టీవీ, ముగ్గురం క్షేమమే. వేళకు తింటున్నానని రాశావు. ఏ వేళకో రాయలేదు.

మీ మ్యూజియంలో పాత టీవీల గది ఒకటి తెరుస్తున్నారనీ, మన ప్లాస్మా టీవీని అందులో పెడతామనీ, దాని పక్కన తగిలించే బోర్డుకు నన్నే నాలుగు ముక్కలు రాసిపెట్టమనీ అడిగావు. బడిలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి ఇంట్లో ఉంటే ఇలాంటి వెట్టిచాకిరీ తప్పదు. చివర్లో ఇంకో ప్రశ్న వేశావు: నా అక్షరాలు ఇంత లావుగా ఎందుకున్నాయి, గీత దాటి ఎక్కడికి పోతున్నాయి అని. ఆ జవాబు తర్వాత. ముందు పాఠం.

రెండు గాజు పలకలు. వాటి మధ్య లక్షల కొద్దీ బుల్లి గదులు, ఒక్కోటి ఆవగింజ కంటే చిన్నది. ప్రతి గదిలోనూ నియాన్, జినాన్ వాయువులు నింపి మూసేస్తారు. గది లోపల రంగు పూత ఉంటుంది. ఒకదానికి ఎరుపు, పక్కదానికి ఆకుపచ్చ, ఆ పక్కదానికి నీలం. కరెంటు తగలగానే వాయువులోని పరమాణువులు ఎలక్ట్రాన్లను జారవిడుచుకుని చెల్లాచెదురవుతాయి. ఆ స్థితి పేరే ప్లాస్మా. అందులోంచి అతినీలలోహిత కాంతి వస్తుంది. అది మన కంటికి ఆనదు గాని, వెళ్ళి పూతకు తగిలితే పూత వెలుగుతుంది. నీ గదిలో ట్యూబులైటు చేసే పనే ఇది. అలాంటి ట్యూబులైట్లు లక్షలు చేరి ఒక బొమ్మ గీస్తాయన్నమాట. వెనక నుంచి దీపం పట్టక్కర్లేదు, ఏ గదికా గదే దీపం. అందుకే నలుపు నల్లగా ఉంటుంది, పక్కకు కూర్చున్నా బొమ్మ పాలిపోదు, బంతి ఎంత వేగంగా ఎగిరినా వెనక తోక కనిపించదు.

ఒకప్పుడు ఎక్కడ చూసినా ఇవే. విమానాశ్రయాల్లో రాకపోకల బోర్డులు, రైల్వే స్టేషన్లు, కంపెనీల మీటింగు హాళ్ళు, టీవీ స్టూడియోలు, ఆటలు చూపించే హోటళ్ళు. తర్వాత తేలికవి, కరెంటు తక్కువ తాగేవి వచ్చి వీటిని గెంటేశాయి. మనదానికి వేడి కూడా ఎక్కువే. చలికాలంలో మీ తాతయ్య దాని ముందు చేతులు కాచుకుంటారు.

దీనికొక రోగం ఉంది. ఒకే బొమ్మ ఒకే చోట గంటల తరబడి నిలబడితే అక్కడి పూత మిగతాదానికంటే ముందే అలిసిపోతుంది. ఆ తర్వాత ఏ బొమ్మ వచ్చినా పాతదాని నీడ వదలదు. ఇది బోర్డు మీద తప్పకుండా రాయి. నన్ను ముంచింది ఈ పాఠమే.

కొన్ని వారాల కిందట మన తెర మధ్యలో బూడిదరంగు మచ్చ కనిపించింది. వార్తలు చదివే అమ్మాయికి ముక్కు లేదు. మీ తాతయ్యను పిలిచి చూపించాను.

"ఏదోయ్ మచ్చ? నాకేం కనపడట్లేదే."

"మీకు ఎప్పుడు ఏం కనపడిందని? పొద్దస్తమానం ఆ చదరంగం చానలే పెట్టుకుని కూర్చుంటే పూత కాలదా?"

"చదరంగమైతే గళ్ళు పడాలిగా. మచ్చెందుకు పడుతుంది?"

మంచి ప్రశ్నే. క్లాసులో మంచి ప్రశ్న వేసిన పిల్లల్ని నేనేం చేసేదాన్నో మీ అమ్మనడుగు. రిమోటు లాక్కుని నా కొంగున దాచాను. తెరంతా తెల్లగా పెట్టి వదిలేస్తే పూత అంతటా సమానంగా అరిగి మచ్చ కలిసిపోతుందని ఎక్కడో చదివాను. రోజూ ఆ తెల్ల తెర ముందు కూర్చుని మచ్చ తగ్గిందా లేదా అని పరీక్షించడమే నా పని. టీవీ లేని మీ తాతయ్య పేపరు పైకి చదవడం మొదలుపెట్టారు. లోపల చదువుకోకూడదా అంటే, "గొంతు తుప్పు పడుతుందోయ్," అన్నారు.

మచ్చ తగ్గలేదు, పెరిగింది. అంతలో నీ ఉత్తరం. కాలిపోయిన టీవీని మ్యూజియానికి ఎలా ఇస్తామని కంగారుపడి మెకానిక్కును పిలిపించాను. అతను తెల్ల తెర, ఎర్ర తెర, అన్నీ వేసి చూశాడు.

"అద్దంలా ఉందమ్మగారూ. మచ్చ ఎక్కడండీ?"

"ఇదిగో," అని వేలు పెట్టాను. వేలు పక్కకు జరిపాను. వేలితో పాటు మచ్చ కూడా జరిగింది. తెర మూలకు చూశాను, మూలకు వచ్చింది. గోడ గడియారం వైపు చూశాను. ముళ్ళు కలిసే చోట అదే బూడిద. కిటికీ ఊచలు నడుములు వంచుకుని నిలబడ్డాయి.

"కొత్తది తీసుకోండమ్మగారూ, తగ్గించి ఇప్పిస్తాను," అంటున్నాడు మెకానిక్కు.

"బాగుందన్నావుగా, మళ్ళీ కొత్తదెందుకు?"

"బాగున్నప్పుడే మార్చేస్తే బెంగుండదండీ."

మీ తాతయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "పోయింది లెండి, తెల్ల తెర వైద్యం పనిచేసింది," అని రిమోటు ఆయన చేతిలో పెట్టాను. "నీ చదువు ఊరికే పోలేదోయ్," అన్నారు.

పిచ్చుకా, ఆ మచ్చ నా కుడి కంటిది. ఎడమ కన్ను ఎప్పటినుంచో మసకేనని నీకు తెలుసు. పుస్తకాల షాపుకని చెప్పి ఒక్కదాన్నే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కంటి వెనక పొర మధ్యలో సన్నటి రక్తనాళాలు కారుతున్నాయట. కంట్లోకే సూదిమందు ఇవ్వాలట. "మచ్చ కనపడగానే ఎందుకు రాలేదండీ?" అంది డాక్టరమ్మ. టీవీకి వైద్యం చేస్తున్నానని ఏ మొహంతో చెప్పను? ఇప్పుడు మొదలుపెడితే ఉన్న చూపు నిలవచ్చు, కొంత తిరిగి రావచ్చు, ఇంకా ఆలస్యమైతే నా పూచీ లేదంది. వచ్చే సోమవారం రమ్మంది, తోడు తెచ్చుకోమంది.

నాకు భయంగా ఉందే. సూదికి కాదు. నువ్వు వచ్చి ఎదురుగా కూర్చుంటే, నీ కళ్ళూ ముక్కూ ఉండాల్సిన చోట ఆ బూడిదే కనిపిస్తుందేమోనని. మీ తాతయ్యకు చెప్పలేదు. చెబితే ఆయన బెంగ కూడా నేనే మోయాలి.

ఇంతవరకు రాసి, కవరు మీద అడ్రసు ఆయన్ను రాయమన్నాను, నా పెన్ను సరిగా రాయట్లేదని. నా పెన్నే అందుకున్నారు. శుభ్రంగా రాసింది. కవరు నా చేతికిస్తూ, "పుస్తకాల షాపుకి మళ్ళీ ఎప్పుడోయ్? ఈసారి నేనూ వస్తాను," అన్నారు.

"మీకెందుకు?"

"పుస్తకాల షాపు నుంచి నువ్వు ఉత్త చేతులతో రావడం ఈ జన్మలో చూడలేదోయ్. అంతకుముందే నువ్వు పేపరు తలకిందులుగా పట్టుకోవడం చూశాను."

పేపరు పైకి చదివింది గొంతు కోసం కాదన్నమాట. ఆ పూటంతా ఆయన్ను ఏమీ అనలేకపోయాను. అలవాటు లేని పని, చాలా అలసటగా ఉంది.

టీవీ బాగానే ఉంది, తీసుకెళ్ళండి. దాన్ని గోడ మీంచి దింపాలంటే నలుగురు మనుషులు కావాలి. వాళ్ళు తీరిగ్గా వస్తారు. సోమవారానికి మా ఇద్దరికీ నువ్వొక్కదానివి చాలు. ఆదివారానికే రా.

ఇట్లు,
గీత దాటి రాసినందుకు నువ్వు తప్పుపట్టిన
అమ్మమ్మ